ఇంటర్ లెక్చరర్లకి, డీన్లకి ఒక బహిరంగ లేఖ: పిల్లలకి లెక్క వదిలేయడం కూడా నేర్పండి సార్

ఎంపీసీ, బైపీసీ పిల్లలకి పాఠాలు చెప్పే లెక్చరర్లకి, వాళ్ల మీదుండే డీన్లకి, ప్రిన్సిపాళ్లకి నమస్కారం.

నేను టీచర్ని కాదు, చదువుల మీద పెద్ద పెద్ద మాటలు చెప్పేంత సీనూ లేదు. చాలా ఏళ్ల కిందట మీలాంటి కాలేజీలోనే రెండేళ్లు చదివి ఎంసెట్ (ఇప్పుడు దాన్నే ఎప్‌సెట్ అంటున్నారు) రాసి బయటపడ్డోడిని, ఇప్పుడు మా చెల్లి సెకండ్ ఇయర్ ఎంపీసీ, దాని పుణ్యమా అని మళ్లీ ఆ పేపర్లన్నీ నా చేతికొచ్చాయి. ఇంత పెద్ద లేఖ ఎందుకు రాస్తున్నానంటే మొన్న ఒక ఆదివారం దాని పక్కన మూడు గంటలు కూర్చున్నా, అప్పుడు చూసింది మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

కాలేజీకి సెలవిచ్చారు, ఇంటికొచ్చింది, జేఈఈ మెయిన్ మోడల్ పేపర్ ఒకటి రాస్తానంది. సరే అని నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, ఒక నోట్‌బుక్‌లో 1 నుంచి 75 వరకు నంబర్లు వేసుకుని, అది ఏ ప్రశ్న మీద ఎంతసేపు ఉందో పక్కన రాసుకుంటూ పోయా. దానికి ముందే చెప్పా, నేనేం మాట్లాడను, నువ్వు నన్ను పట్టించుకోకు అని. మొదటి గంట బానే నడిచింది. 38వ ప్రశ్న దగ్గర బండి ఆగింది. పుల్లీ, రెండు బ్లాకులు, ఒకటి వాలు తలం మీద. రెండు నిమిషాలు అయ్యాయి, మూడయ్యాయి, పెన్ను వెనక భాగంతో బల్ల మీద టక్ టక్ మని కొట్టడం మొదలెట్టింది, రఫ్ పేపర్ మీద అదే బొమ్మ రెండోసారి గీసింది, తర్వాత మూడోసారి ఇంకొంచెం పెద్దగా గీసింది, బొమ్మ పెద్దదైతే ఆన్సర్ వస్తుందన్నట్టు. నేను మాట మీద నిలబడలేక "వదిలేయవే" అన్నా. "ఆగు అన్నయ్యా, ఇది క్లాసులో చేసిందే, వచ్చేస్తుంది, ఇంకొక్క నిమిషం" అంది. ఆ ఒక్క నిమిషం అయ్యేసరికి 9 నిమిషాల 40 సెకన్లు. పెట్టిన ఆన్సర్ తప్పు.

అలాంటివే ఇంకో రెండు ఉన్నాయి, ఒకటి 7 నిమిషాలు, ఇంకోటి 6 నిమిషాల పైన. ఈ మూడింటికి కలిపి దాదాపు 23 నిమిషాలు పోతే ఒకటి కరెక్టు, రెండు తప్పు, కరెక్టుకి 4, తప్పుకి మైనస్ 1 కాబట్టి 4లోంచి 2 పోయి మిగిలింది 2 మార్కులు. చివర్లో టైమ్ అయిపోయి కెమిస్ట్రీలో 11 ప్రశ్నలు అసలు చూడనే లేదు. కాసేపు ఆగి, ఇప్పుడు ఆ 11 చెయ్యి చూద్దాం అని మళ్లీ స్టాప్‌వాచ్ పెట్టా. 14 నిమిషాల్లో అన్నీ చేసేసింది, 8 కరెక్టు. అంటే 32లోంచి మూడు తప్పులకి 3 తీసేస్తే 29. దానికి చూపించా ఈ లెక్క. 14 నిమిషాలకి 29, 23 నిమిషాలకి 2. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మరి మా సార్ ఎప్పుడూ చెప్పలేదే" అంది. అందుకే సార్ ఈ లేఖ మీకు.

మీరు టైమ్ మేనేజ్‌మెంట్ గురించి చెప్పట్లేదని అనను, చెప్తారు. నాకూ చెప్పారు. "రాని ప్రశ్న దగ్గర టైమ్ వేస్ట్ చేయకండి" అని ప్రతి టెస్టుకి ముందు మైకులో చెప్పేవాళ్లు. కానీ గమనించారా, అస్సలు రాని ప్రశ్న ఎవడి టైమూ తినదు. చదవగానే ఇది మన వల్ల కాదని పది సెకన్లలో తెలిసిపోతుంది, పేజీ తిప్పేస్తాడు. టైమ్ తినేదంతా సగం వచ్చిన ప్రశ్న. క్లాసులో చేసినట్టే ఉంటుంది, ఫార్ములా గుర్తుంటుంది, రెండు స్టెప్పులు పడతాయి, మూడోది పడదు. వెళ్తా వెళ్తా అంటూ గుమ్మం దగ్గర అరగంట నిలబడి కబుర్లు చెప్పే చుట్టం లాంటిది, పొమ్మనలేం, కూర్చోబెట్టలేం. దాన్ని ఎలా వదిలించుకోవాలో పిల్లలకి ఎవరూ చెప్పట్లేదు.

ఇంకో మాట అంటే కోపం తెచ్చుకోకండి. వదలకూడదని రెండేళ్లు నేర్పేది మీరే. స్టడీ అవర్లో ఒక్క డౌట్ మిగలకూడదు, షీట్‌లో ఒక్క లెక్క ఖాళీ ఉండకూడదు, రాకపోతే వచ్చేదాకా కూర్చో. చదువుకునేటప్పుడు అది కరెక్టే, నేను కాదనను, అలా కూర్చుంటేనే సబ్జెక్ట్ వస్తుంది. కానీ అదే పిల్లని ఆదివారం టెస్ట్‌లో కూర్చోబెట్టి, వారమంతా పట్టిన ఆ పట్టు మూడు గంటలు మాత్రం మర్చిపో అంటే ఎలా మర్చిపోతుంది? వారానికి ఆరు రోజులు ఒక అలవాటు, ఏడో రోజు దానికి పూర్తిగా రివర్స్ అలవాటు. దానికి విడిగా ప్రాక్టీస్ ఉండాలి కదా.

పైగా టెస్ట్ అయ్యాక సోమవారం ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. సార్ వచ్చి పేపర్లో అన్నిటికన్నా కష్టమైన లెక్క బోర్డు మీద ఎత్తుకుంటాడు, ఇరవై నిమిషాలు చేస్తాడు, అది చేసిన ఒక్క కుర్రాణ్ణి లేపి చప్పట్లు కొట్టిస్తాడు. ఆ లెక్క చూసి అర నిమిషంలో ఇది మనకి గిట్టుబాటు కాదని వదిలేసి, ముందుకెళ్లి నాలుగు తేలికవి చేసుకున్న పిల్లోడికి ఎప్పుడైనా చప్పట్లు కొట్టించారా? ర్యాంకు వాడిదే ఎక్కువొచ్చినా సరే, చప్పట్లు మాత్రం ఆ కష్టమైన లెక్క చేసినోడికే. పిల్లలు మనం మైకులో చెప్పింది వినరు, మనం దేనికి చప్పట్లు కొడుతున్నామో చూస్తారు.

సరే ఇది పక్కన పెడదాం, నంబర్ల దగ్గరికొస్తా. మీ దగ్గర ఒకే పిల్లోడు రెండు పరీక్షలకి తయారవుతాడు, ఎంపీసీ అయితే ఇంజనీరింగ్ కోసం జేఈఈ మెయిన్, ఎప్‌సెట్, బైపీసీ అయితే మెడిసిన్ కోసం నీట్, దాంతో పాటు ఎప్‌సెట్. మూడింటికీ మూడు గంటలే కదా అని ఒకే గాటన కట్టేస్తున్నారు. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 67 సెకన్లు. నీట్‌లో 180 నిమిషాలకి 180, సరిగ్గా నిమిషం, అందులోనే బబ్లింగ్ (ఆన్సర్ షీట్ మీద గుండ్రాలు దిద్దడం) కూడా. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 నిమిషాల 24 సెకన్లు. 67 సెకన్ల పరీక్షకీ 144 సెకన్ల పరీక్షకీ చెయ్యి నడిచే తీరే వేరు. మెయిన్‌లో లెక్క పూర్తిగా వేసి ఆన్సర్ తెచ్చుకోవచ్చు. ఎప్‌సెట్‌లో చాలాచోట్ల ఆప్షన్లు ముందు చూసి వెనక్కి రావాలి, లేకపోతే టైమ్ చాలదు. ఇంకో తేడా, ఎంపీసీ వాళ్ల ఎప్‌సెట్‌లో మ్యాథ్స్ ఒక్కటే 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, ఏదైనా ఒక్కో మార్కే. పీరియాడిక్ టేబుల్ మీద పదిహేను సెకన్లలో అయ్యే బిట్‌కీ, రెండు నిమిషాలు పట్టే ఇంటిగ్రేషన్‌కీ అదే ఒక్క మార్కు. అయినా పిల్లలు పేపర్ ఏ వరసలో ఇస్తే ఆ వరసలో మ్యాథ్స్‌తో మొదలెట్టి కెమిస్ట్రీ దగ్గరికి వచ్చేసరికి బుర్ర వేడెక్కి ఉంటుంది, టైమూ ఉండదు. నేనూ అదే చేశా ఆ రోజుల్లో. చివరి ఇరవై కెమిస్ట్రీ బిట్లు ఎనిమిది నిమిషాల్లో లాగించా, ఏం పెట్టానో ఇప్పటికీ తెలీదు.

నెగటివ్ మార్కుల సంగతి కూడా అంతే. ఎప్‌సెట్‌లో నెగటివ్ లేదు, కాబట్టి ఒక్క బిట్ ఖాళీగా వదలడం కూడా తప్పే, చివరి మూడు నాలుగు నిమిషాలు కేవలం మిగిలినవి నింపడానికే పక్కన పెట్టాలి. ఇది అందరికీ తెలుసు అనుకుంటాం కానీ, ఎక్కడో చిక్కుకుపోయి టైమ్ ముగిసి పది ఖాళీలతో బయటికొచ్చే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. మెయిన్‌కీ నీట్‌కీ వస్తే కరెక్టుకి 4, తప్పుకి మైనస్ 1. దీని మీద మీరు పిల్లల్ని ఎంత భయపెట్టారంటే రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోయిన ప్రశ్న కూడా వదిలేసి వస్తున్నారు. లెక్క వేద్దాం. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేశాక మిగిలిన రెండిట్లో ఒకటి పెడితే, సగం సార్లు 4 వస్తుంది, సగం సార్లు 1 పోతుంది, సగటున ఒకటిన్నర మార్కు లాభం. అసలు ఏమీ తెలీకుండా గుడ్డిగా పెట్టినా లెక్క ప్రకారం నష్టం లేదు, పావు మార్కు వస్తుంది, కానీ అది కాగితం మీద లెక్క, పేపర్ సెట్ చేసేవాళ్లు మనం ఎక్కడ తప్పు చేస్తామో తెలిసి ఆ తప్పుకి వచ్చే ఆన్సర్‌నే ఒక ఆప్షన్‌గా పెడతారు, కాబట్టి గుడ్డి దెబ్బలు నేను రికమెండ్ చేయను. మెయిన్‌లో ఆన్సర్‌ని అంకెగా ఇవ్వాల్సిన న్యూమరికల్ వాటిలో ఆప్షన్లే ఉండవు, అక్కడ ఊహ కుదరదు. ఇదంతా ఒక పీరియడ్‌లో చెప్పొచ్చు సార్, ప్రాబబిలిటీ చాప్టర్‌లోనే ఎగ్జాంపుల్‌గా చెప్పొచ్చు, ఎవడూ మర్చిపోడు కూడా.

2025 నుంచి ఇంకో మార్పు వచ్చింది, దాన్ని కూడా చాలామంది లైట్ తీసుకున్నారు. అంతకుముందు మెయిన్‌లో ప్రతి సబ్జెక్టులో పది న్యూమరికల్స్ ఇచ్చి నచ్చిన అయిదు చేసుకోమనేవాళ్లు, నీట్‌లో 200 ఇచ్చి 180 రాయమనేవాళ్లు, దానికి 200 నిమిషాలు. ఇప్పుడు రెండిట్లోనూ చాయిస్ పోయింది, నీట్ మళ్లీ 180 నిమిషాలకి వచ్చింది. చాయిస్ ఉన్నన్నాళ్లూ పేపరే ఏదో ఒకటి వదలమని చెప్పేది, పిల్లలకి వదలడానికి పర్మిషన్ ఉన్నట్టుండేది. ఇప్పుడు ఆ పర్మిషన్ ఎవరూ ఇవ్వరు, పిల్లే ఇచ్చుకోవాలి. 2025 నీట్‌లో ఫిజిక్స్ ఎలా వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు, హాల్లోంచి ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లు ఎంతమందో. అలాంటి పేపర్‌లో ముందు ఫిజిక్స్ పట్టుకున్నవాడు 90 బయాలజీ ప్రశ్నలకి ఏ మూడ్‌తో వెళ్తాడు? నా మటుకు నీట్ పిల్లలకి బయాలజీ 50 నిమిషాలు, తర్వాత కెమిస్ట్రీ 50, ఫిజిక్స్ ఒక గంట, మిగిలిన 20 వదిలినవాటికి అని చెప్తా. ఎవరికి ఏది బలమో దాన్ని బట్టి మారుతుందనుకోండి, కానీ ఏదో ఒక ప్లాన్ ఇంటి దగ్గరే అనుకుని, పది టెస్టుల్లో రాసి చూసుకుని వెళ్లాలి కదా, హాల్లో కూర్చున్నాక ఆలోచించేది కాదు.

ఓఎమ్మార్, అంటే ఆ గుండ్రాలు దిద్దే షీట్ గురించి ఒక్కటి చెప్పి తీరాలి, ఎందుకంటే నాకు తగిలిన దెబ్బ. ఎంసెట్ ముందు ఒక గ్రాండ్ టెస్ట్‌లో 43వ ప్రశ్న వదిలేశా, 44 ఆన్సర్ తీసుకెళ్లి 43 వరసలో దిద్దా, అక్కణ్ణుంచి అన్నీ ఒక గడి పైకి జరిగిపోయాయి. 61 దగ్గర తెలిసింది. చేతులు చల్లబడిపోయాయి. పెన్నుతో దిద్దింది చెరిపేది లేదు. నీట్ ఇప్పటికీ ఓఎమ్మారే. ఒక్కో బబుల్‌కి 5 సెకన్లు వేసుకున్నా 180 బబుల్స్‌కి 15 నిమిషాలు. పావుగంట! చాలా కాలేజీల్లో వీక్లీ టెస్ట్‌కి ఆన్సర్లు నోట్‌బుక్‌లో ఏ బీ సీ డీ అని రాయించుకుంటున్నారు, షీట్లకి ఖర్చు ఎందుకని. అలా రాయించిన ప్రతి టెస్ట్‌లోనూ పిల్లకి అబద్ధపు పావుగంట ఇస్తున్నారు. ఇంకోటి, నీట్‌కి చేతి వాచీ పెట్టుకోనివ్వరు, గోడ గడియారం చూసుకోవాలి. మీ టెస్టుల్లో అందరూ వాచీ విప్పి బల్ల మీద పెట్టుకుని రాస్తారు. పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5, మీ టెస్ట్ పొద్దున్నే. అన్నం తిన్నాక 2 గంటలకి ఫిజిక్స్ ఎలా ఉంటుందో ఆ రోజు దాకా తెలీదు పాపం.

మెయిన్, ఎప్‌సెట్ వాళ్లది వేరే బాధ, స్క్రీన్. కాగితం మీద ప్రశ్న పక్కనే గీసుకుంటాం, అండర్‌లైన్ చేస్తాం. స్క్రీన్ మీద ప్రశ్న పైన ఉంటుంది, రఫ్ షీట్ కింద, తల ఎత్తడం దించడం, ఆ మధ్యలో మైనస్ ప్లస్ అయిపోతుంది. ఇంకా పెద్దది ఏంటంటే, మెయిన్‌లో ఆప్షన్ నొక్కి సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కకుండా పక్కనున్న నంబర్ల మీద క్లిక్ చేసి వేరే ప్రశ్నకి వెళ్తే ఆ ఆన్సర్ సేవ్ అవ్వదు. ఇన్‌స్ట్రక్షన్స్‌లో రాసే ఉంటుంది, ఎవరు చదువుతారు? అలాగే ఆన్సర్ పెట్టి మార్క్ ఫర్ రివ్యూ (మళ్లీ చూద్దామని గుర్తు) చేసింది కూడా లెక్కలోకి వస్తుందని తెలీక, చివరి అయిదు నిమిషాలు ఊదా రంగు గళ్లన్నీ మళ్లీ తెరిచి మళ్లీ సేవ్ చేసుకుంటూ కూర్చున్న కుర్రాడు నాకు తెలుసు, ఆ అయిదు నిమిషాలు దేనికైనా పనికొచ్చేవి. మెయిన్, నీట్ పెట్టే ఎన్టీఏ సైట్లో మాక్ టెస్టులు ఊరికే దొరుకుతాయి. నెలకి రెండైనా కంప్యూటర్ ల్యాబ్‌లో రాయించండి, ల్యాబ్ తాళం ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే తీస్తే ఏం లాభం.

టైమ్ అంటే మార్కులే అని నేను ఊరికే అనట్లేదు, ఆ మధ్య సాక్షాత్తూ ఎన్టీఏనే అలా లెక్క కట్టింది. 2024 నీట్‌లో కొన్ని సెంటర్లలో పేపర్ విషయంలో గందరగోళమై పిల్లలకి టైమ్ పోయిందని, 2018లో క్లాట్ (లా కాలేజీల ఎంట్రన్స్) కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకున్న ఫార్ములా పట్టుకుని, 1563 మందికి పోయిన నిమిషాలకి బదులు మార్కులు కలిపారు. అందుకే 718, 719 అని మామూలుగా రావడానికే వీల్లేని మార్కులు కనిపించి గొడవ బయటపడింది (మొత్తం 720, ఒక్కటి వదిలేస్తే 716, ఒక్కటి తప్పయితే 715, మధ్యలో ఇంకేం ఉండదు కదా). చివరికి ఆ మార్కులు తీసేసి జూన్ 23న మళ్లీ పరీక్ష పెడితే 813 మంది రాశారు. ఇన్విజిలేటర్ వల్ల పోయిన నిమిషాల కోసం కోర్టు దాకా వెళ్లాం. 38వ ప్రశ్న దగ్గర మన అలవాటు వల్ల పోయే నిమిషాలకి ఏ ఫార్ములా లేదు, ఎవరూ తిరిగివ్వరు.

అడిగేవి పెద్దవేం కావు. ఆదివారం టెస్ట్ పేపర్‌తో పాటు ఒక చిన్న కాగితం ఇవ్వండి, అందులో ప్రతి పాతిక ప్రశ్నలకి గడియారంలో ఎంతయ్యిందో పిల్లలు రాసుకోవాలి, అంతే. ప్రశ్న ప్రశ్నకీ గడియారం చూడమని చెప్పకండి, అది ఇంకా పెద్ద రోగం, సగం బుర్ర అక్కడే పోతుంది. గంట అయ్యాక ఒకసారి, రెండు గంటలు అయ్యాక ఒకసారి, చివరి పావుగంట ముందు ఒకసారి చూస్తే చాలు. అమెరికాలో కాలేజీల్లో చేరడానికి రాసే సాట్ పరీక్షకి స్క్రీన్ మీద టైమర్‌ని కావాలంటే దాచేసుకోవచ్చు, చివరి అయిదు నిమిషాలకి అదే కనబడుతుంది, అది చదివినప్పుడు భలే అనిపించింది, ఎవరో పిల్లల గుండె దడ గురించి ఆలోచించారని.

తర్వాత మూడు రౌండ్ల పద్ధతి అలవాటు చేయించండి. మొదటి రౌండ్‌లో చూడగానే దారి కనబడినవే చెయ్యాలి, రెండో స్టెప్ దగ్గర ఆగిపోతే పక్కన చిన్న టిక్ పెట్టి వెళ్లిపోవాలి. రెండో రౌండ్‌లో ఆ టిక్ పెట్టినవి. విచిత్రం ఏంటంటే గంట తర్వాత వచ్చి చూస్తే సగం వాటికి దారి దానంతటదే కనబడుతుంది, మా చెల్లి కూడా అదే 38వ లెక్క సాయంత్రం టీ తాగాక నాలుగు నిమిషాల్లో చేసింది, మొదట్లో ఒక బ్లాక్‌కి ఫ్రిక్షన్ దిశ తిప్పి వేసిందట. అదే బొమ్మని పది నిమిషాలు చూస్తూ కూర్చుంటే చేసిన తప్పు కనబడదు, కళ్లకి అలవాటైపోతుంది. మూడో రౌండ్ అంటే మిగిలినవి, రెండు ఆప్షన్ల దాకా వచ్చినవి, ఓపికుంటే కొత్తవి.

ఇంకా ఒక్క టెస్ట్ మాత్రం, నెలకి ఒక్కటే, ఇలా పెట్టి చూడండి. పేపర్లో కావాలనే ఆరు లెక్కలు ఎవరికీ టైమ్‌లో అవ్వనివి ఇరికించండి, ముందుగా చెప్పకండి. అయ్యాక ర్యాంకులు కాకుండా ఆ ఆరింటి మీద ఎవరు ఎంతసేపు ఉన్నారో అడగండి. అర నిమిషంలో దాటేసిన వాళ్లని లేపి చప్పట్లు కొట్టించండి. ఒక్కసారి కొట్టిస్తే చాలు, వచ్చే నెల క్లాసు క్లాసంతా మారిపోతుంది.

ఇక తల్లిదండ్రుల ఫోన్లకి సోమవారం పంపే మెసేజ్ ఒకటుంది కదా, టోటల్ ఇంత, ర్యాంక్ ఇంత, మ్యాథ్స్ ఇంత అని. దాంట్లో చూడకుండా వదిలేసినవి ఎన్ని, తప్పు పెట్టినవి ఎన్ని అని ఇంకో రెండు అంకెలు చేర్చండి. మార్కులు తగ్గితే ఇంట్లో "చదవట్లేదు" అనే ఒక్క మాటే అంటాం, మాకు ఇంకేం తెలుసు గనక. 11 చూడనే లేదని తెలిస్తే ఆ తిట్టు ఒక్కటైనా తగ్గుతుంది. పోయిన నెల మా నాన్న ఫోన్లో మెసేజ్ చూసి దాన్ని కెమిస్ట్రీలో వీక్ అని వేరే ట్యూషన్ పెట్టిస్తానన్నాడు. అది కెమిస్ట్రీలో వీక్ కాదు, కెమిస్ట్రీ దాకా వెళ్లలేకపోయింది. ఆ నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి దాని చేతికే ఇచ్చి పంపిస్తున్నా, సోమవారం ఫిజిక్స్ సార్‌కి చూపిస్తుంది, దయచేసి ఒకసారి చూడండి సార్, దాన్ని కోప్పడకండి.

ఇట్లు,
ఒక సెకండ్ ఇయర్ ఎంపీసీ అమ్మాయి అన్నయ్య